చౌటుప్పల్‌లో ఒంపేసిన సీసా

చౌటుప్పల్ చేరిన రోజు మధ్యాహ్నం నేనొక సీసాలోని నీళ్లు రోడ్డు పక్కన తుమ్మచెట్టు మొదట్లో ఒంపేశాను. నా ప్రయాణం మొత్తం ఆ నీళ్ల కోసమే. బస్సులో, బండిలో, కాలినడకన ఐదు రోజులు తిరిగి, ఎక్కడికి పోయినా అనుమానపు చూపులు పడి తెచ్చుకున్న నీళ్లు. వాటిని ఒంపేసి, సీసా కడిగి, అక్కడి హోటలు బావి నీళ్లు నింపుకుని పట్నం పోయాను.

ఈ తప్పు ముందే చెబుతున్నాను. ఇదివరకు ఇదే ప్రయాణం గురించి ఒకసారి రాసి, దారిలో చూసిన వింతలన్నీ చెప్పి, ఈ ఒక్క ముక్క దాచాను. ఆ కాగితాలు చింపేసి మళ్లీ రాస్తున్నాను.

పాలమూరు

మహబూబ్‌నగర్‌ను మేం పాలమూరు అనే అంటాం. అక్కడి కచేరీ వరండాలో కూర్చుని దరఖాస్తులు రాయడం నా వృత్తి. సర్కారు భాష ఉర్దూ, జనం భాష తెలుగు. రెంటి మధ్య నాలాంటి వాడికి నాలుగు మెతుకులు దొరికేవి.

ఒకనాడు ఈరమ్మ అనే ఆమె వచ్చి వరండా మెట్ల కింద నిలబడింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. నడుం ముందుకు వంగిపోయి ఉంది. మెడ తిరగదు. నా వైపు చూడడానికి పాదాల దగ్గర్నుంచి ఒళ్లంతా తిప్పుకోవలసి వచ్చింది. పుట్టింది పాలమూరు పక్క పల్లెలో, మెట్టింది నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ దగ్గరి ఊళ్లో. ఆ ఊరి పేరు రాయను. రాస్తే వాళ్ల ఆడపిల్లల్ని ఎవరూ చేసుకోరని అక్కడివాళ్లు నా దగ్గర మాట తీసుకున్నారు.

"మా అక్కను సూడున్రి పంతులు. నాకన్న నాలుగేండ్లు పెద్దది. నిటారుగ నడుస్తది. నేను గీ తీరుగైన. ఒక్క కడుపుల పుట్టినం, ఒక్క తీరు గింజలు తిన్నం. మరి ఏం మారింది? నీళ్లు మారినయ్."

"ఏ గాలో ధూళో సోకిందేమో," అన్నాను కలం తీస్తూ.

"గాలి సోకితె ఒక్కరికి సోకుతది. వాడ వాడంతటికి సోకుతదా? కోడండ్లుగ వచ్చినోళ్లం పదేండ్లకే వంగిపోతున్నం. ఆడికెల్లి బయటికిచ్చిన పిల్లలు మంచిగున్నరు. గాలికి గంత తెలివుండదు."

ఆమెకు కావలసింది ఒక్కటే. ఆమె భర్త సాయన్నను గడికి, అంటే కోటలాంటి దొర ఇంటికి, వెట్టికి పిలుస్తారు. కట్టెలు మోయాలి, బస్తాలు ఎత్తాలి, ఎంత దూరమైనా కబురు మోసుకుపోవాలి. అతని నడుం కర్రలా బిగుసుకుపోయింది. వంగలేడు. గడి గుమాస్తా మాత్రం అదంతా పని ఎగ్గొట్టే నాటకమంటున్నాడు.

"సర్కారు దాక్టరొచ్చి సూసి, గిది రోగమే అని ఒక్క కాయిదం రాసియ్యాలె. గంతే. గప్పుడు నా పెనిమిటిని పిలుసుడు ఆపుతరు."

రాశాను. బాగా రాశాను, ఆ పొగరు నాకుండేది. 'నిరుపేద సోదరులు' అని రెండుచోట్ల వాడాను. కొన్నాళ్లకు జవాబొచ్చింది. ఆ వాడ బావి నీళ్లు శుభ్రమైన సీసాలో పంపాలి. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడగాలి, మూతికి లక్క వేయాలి, రోగుల జాబితా జతచేయాలి. నీళ్లలో ఏదైనా తేలితే డాక్టరును పంపే విషయం ఆలోచిస్తామని రాశారు.

ఈరమ్మకు కబురు పంపి, నేనే బయలుదేరాను. దయతో వెళ్లానని అప్పట్లో అందరితో అన్నాను. కానీ ఎవరికీ అంతుపట్టని రోగం సంగతి సర్కారుకు ఎక్కించిన మనిషిగా నా పేరు నలుగురి నోళ్లలో పడుతుందన్న ఆశే నన్ను నడిపించింది.

కల్వకుర్తి

యుద్ధం ముగిసినా పెట్రోలు రాలేదు. బస్సు వెనక డొక్కు పొయ్యి ఒకటి, అందులో బొగ్గులు, ఆ బొగ్గు వాయువుతోనే నడక. ఎత్తు వచ్చినప్పుడల్లా ముసలి ఎద్దులా నిలబడిపోయేది. దిగి తోశాం. ఒంటినిండా మసి. నా పక్కన తోసిన మనిషి మసి మీసాలతో నవ్వుతూ, "ఆ సంచిల ఖాళీ సీసా ఎందుకు?" అని అడిగాడు. మామూలు ధోవతిలో ఉన్నాడు గానీ కాళ్లకు పోలీసు బూట్లున్నాయి.

"నీళ్లు తేవడానికి."

"పాలమూరుల నీళ్లు లేవా?"

"పరీక్షకు. నల్లగొండ వైపు ఒక ఊరి నీళ్లు."

"నల్లగొండ," అని ఆ పేరును నోట్లో కాసేపు నమిలాడు. "దొరల మీద జనాన్ని లేపే సంఘపోళ్లు గూడ గట్లనే జెప్తున్నరు. ఒకడు పుస్తకాలమ్ముతనంటడు, ఒకడు పసర్ల మందంటడు. నువ్వేమో నీళ్లంటున్నవ్. కొత్తగున్నది."

సర్కారు జవాబు చూపించాను. చదివాడు, మడిచి ఇచ్చాడు. అయినా కల్వకుర్తిలో దిగాక నేను సీతాఫలాలు కొంటుంటే అంగడి అవతల నిలబడి చూస్తూనే ఉన్నాడు. అణాకు ఆరు కాయలు. మా పాలమూరులో అంత కాయ అణాకు నాలుగు రావు. ఎవరో కనిపెడుతున్నారని తెలిస్తే తీపి పండు కూడా దొంగతనంగా తిన్నట్టే ఉంటుంది. గింజలు ఎక్కడ ఉమ్మాలో కూడా తోచలేదు.

బండి తోవ

కల్వకుర్తి నుంచి తూర్పుకు లింగయ్య అనే ఆయన బండి కట్టాడు. పొద్దంతా పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. రెండో రోజు మధ్యాహ్నం నాకు అనుమానం వచ్చింది. ఎడమ వైపున్న ఒక గుట్ట సాయంత్రానికి కుడి వైపుకు వచ్చింది. ఊళ్లు కనబడ్డప్పుడల్లా బండి వాగులోకో, రాళ్ల దారిలోకో దిగిపోతోంది.

"లింగయ్యా, చుట్టు తిప్పుతున్నవా?"

"లేదయ్యా. గిదే తోవ."

"మరి ఊళ్లన్నీ దూరం నుంచే పోతున్నయేంది?"

ఎడ్ల తోకలు సరిచేశాడు, తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. చివరికి, "సారు లెవీ సారు గాదా?" అన్నాడు.

యుద్ధం రోజుల్నుంచీ సర్కారు రైతుల దగ్గర గింజలు బలవంతంగా కొలిపించుకుంటోంది. సంచి, కలం, కాగితాలు పట్టుకుని వచ్చినవాణ్ని గింజలు లెక్కపెట్టేవాడనే అనుకుంటారు. నా కళ్లకు ఏ కల్లమూ కనబడకుండా, దారిలోని రైతులందరి కోసం ఆ మనిషి తన ఎడ్లను రెట్టింపు నడిపించాడు. కాదని ఒట్టేశాను. నమ్మాడో లేదో గానీ ఆ సాయంత్రం తన మూటలోంచి కాల్చిన జొన్న కంకి ఒకటి తీసి ఇచ్చాడు. ఇచ్చి, "గిది నా కంకి. ఎవల చేన్ల తెంపింది గాదు," అని నొక్కి చెప్పాడు.

అప్పుడు నవ్వుకున్నాను. ఇన్ని అనుమానాల మధ్య ఒక్కరి అనుమానమూ నిజం కాదని, అందరికన్నా నేనే శుద్ధమైనవాణ్నని లోపల ఎక్కడో అనుకున్నాను.

ఊరు, వాడ

ఊళ్లో భూముల లెక్కలు రాసే పట్వారీ ఇంట దిగాను. మా వాళ్లలాగే మడి ఆచారమున్న ఇల్లు. పప్పు, గోంగూర, గడ్డ పెరుగుతో భోజనం పెట్టారు. చెయ్యి కడుక్కుంటుంటే పట్వారీ మెల్లగా మొదలుపెట్టాడు.

"వాడోళ్ల కోసం ఇంత దూరమొచ్చిన్రా? మా ఊరోళ్ల నడుములు మంచిగనే ఉన్నయ్ గద."

నిజమే, ఊరివాళ్ల పళ్లు కొంచెం పసుపు పచ్చగా ఉన్నాయి గానీ నడుములు బాగానే ఉన్నాయి. ఊరి బావి చెరువు కింద ఉంది, లోతు తక్కువ. వాడ బావి గుట్ట పక్కన రాతిని తొలిచి లోతుకు తవ్వింది. వాళ్లు ఊరి బావి తాకకూడదు. ఇది ఏ కాగితంలోనూ రాసి ఉండదు గానీ అందరికీ తెలుసు.

మర్నాడు వాడకు పోయాను. మొదట కనబడ్డవి పగ్గాలు. ప్రతి గుడిసెలో దూలానికి ఒక పగ్గం వేలాడుతోంది. పొద్దున లేవాలంటే దాన్ని రెండు చేతులా పట్టుకుని తమను తాము బావిలోంచి చేదుకున్నట్టు పైకి లాక్కుంటారు. నేల మీద కూర్చుంటే లేవలేరు కాబట్టి గుమ్మాల ముందు ఎత్తు రాళ్లు వేసుకున్నారు. పిల్లల పళ్ల మీద సున్నం మరకలు, వాటి మీద గోధుమ రంగు చారలు. నవ్వితే అరచెయ్యి అడ్డం పెట్టుకుంటారు. మా వైపు సిగ్గుపడ్డ పిల్లలే అలా చేస్తారు. ఇక్కడ ముసలివాళ్లు కూడా చేస్తున్నారు.

సాయన్న గుమ్మం ముందు రాయి మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లవాడు. గడ్డం రొమ్ముకు ఆనుకుపోయి, కళ్లు మాత్రం పైకెత్తి చూస్తాడు. ఆ చూపు చూస్తే ఎవరికైనా తమను శంకిస్తున్నాడనిపిస్తుంది. నన్ను నిజంగానే శంకిస్తున్నాడు.

"దండాలు పంతులు. లేసి ఎందుకు పెట్టలేదంటె, లేసెతందుకు ఇంకొకలు గావాలె."

"పేర్లు రాసుకోవాలె. ఎవరెవరికి ఎప్పటి నుంచి ఉన్నదో చెప్పాలె. కింద వేలిముద్ర వెయ్యాలె," అన్నాను.

చుట్టూ పదిమంది చేరారు. ఒక ముసలామె తన బొటనవేలిని పిడికిట్లో దాచుకోవడం నేను చూశాను.

"వేలిముద్ర ఎయ్యం," అన్నాడు సాయన్న. "మా నాయిన ఒక్కపారి ఏసిండు. కుంట కింద పొలం పోయింది. గా కాయిదంల ఏమున్నదో మాకు ఇప్పటికీ ఎరుకలేదు."

"ఇది మీ మేలుకే."

"గాయన గూడ గదే మాటన్నడు."

అందరూ నవ్వారు, అరచేతులు అడ్డం పెట్టుకుని. వేలిముద్రలు లేకుండానే పేర్లు రాసుకున్నాను. అందులోనూ సగం మంది వేరే పేర్లు చెప్పారని తర్వాత తెలిసింది.

ఈరమ్మ నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది. నేను గుమ్మం దాటలేదు. ఆమె గమనించి, కుండనే బయటికి తెచ్చి గరిటెతో చూపించింది. కందిపప్పు. గరిటెకు తగిలి గలగలమంది.

"పొద్దు పొడవక ముందు పొయ్యి మీద పెట్టిన. గిప్పుడు సూడున్రి, గులకరాళ్ల లెక్కనే ఉన్నది. మా బాయి నీళ్లల్ల పప్పు ఉడకదు. ఊళ్లెకెల్లి ఎవలన్న దయతలిసి కడివెడు పోస్తె ఆనాడే మాకు పప్పు. పప్పుకే లొంగని నీళ్లు బొక్కల్ల జొచ్చి ఊకుంటయా?"

సీసా ఇచ్చాను, అంటే కింద పెట్టాను, ఆమె తీసుకుంది. బావి దగ్గర నేను దూరంగా నిలబడి చెబుతుంటే మూడుసార్లు కడిగి నింపింది. వంగలేక, బావి గట్టును పొట్టతో ఒత్తుకుని చేదింది. దాహంగా ఉందేమోనని నాకూ చెంబులో పోయబోతే ఉపవాసమన్నాను. గంట కింద పట్వారీ ఇంట్లో పెరుగన్నం తిన్నాను.

"లక్క ఈడనే పెడతరా?"

"పట్వారీ ఇంట్లో పెడత. అక్కడ నిప్పుంది."

ఆమె వెనక పొయ్యి మండుతూనే ఉంది. ఇద్దరం దాని వైపు చూశాం.

"పైలం పంతులు. మల్ల మీరొచ్చేదాక మాకు దిక్కులేదు," అంది.

పట్వారీ ఇంట్లో లక్క మాట మరిచిపోయాను. బిరడా బిగించి, తువాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

చౌటుప్పల్

అక్కడి నుంచి ఉత్తరంగా, కొంత బండి మీద, కొంత నడక. చౌటుప్పల్ బెజవాడ రోడ్డు మీది ఊరు. బస్సులాగే చోట ఒక హోటలు. గల్లాపెట్టె ముందు కూర్చున్న ఆయన వచ్చేపోయే మనుషుల్ని పళ్లు చూసి ఏ ఊరివాళ్లో చెప్పేస్తాడు. నాకు వినబడేటట్టే ఒక కూలీని, "మర్రిగూడ దిక్కా? గిలాస అటు బయట గోడ మీదున్నది, తీసుకో," అన్నాడు. ఊరివాళ్లకు లోపల, వాడవాళ్లకు బయట, వేరువేరు గిలాసలున్నాయి. మా పాలమూరులోనూ ఉన్నాయి. అందుకే నాకు వింతగా తోచలేదు.

బస్సు ఆలస్యం. ఆకలేసింది. తుమ్మచెట్టు కింద కూర్చుని సంచి విప్పాను. బిరడా సడలి ఉంది. సీసా మెడ దాకా ఖాళీ. ఆ నీళ్లు తువాలు తడిపి, పట్వారీ భార్య మడితో చేసి కట్టిచ్చిన పులిహోర మూటలోకి ఇంకాయి.

ఆ క్షణంలో నాలో ఏం జరిగిందో సరిగ్గా చెప్పాలి. అయ్యో నమూనా కారిపోయిందే అనుకోలేదు. నా చెయ్యి వెనక్కి పోయింది. పురుగును చూసినట్టు చూశాను ఆ తడిని. పులిహోర మూట పొదల్లోకి విసిరాను. తర్వాత సీసా మెడ పట్టుకుని, మిగిలిన నీళ్లన్నీ చెట్టు మొదట్లో ఒంపాను. ముప్పాతిక సీసా ఇంకా ఉంది. పరీక్షకు అది చాలు. అయినా ఒంపాను. నాకవి బావి నీళ్లుగా కనబడలేదు. వాళ్ల నీళ్లుగా కనబడ్డాయి.

ఒంపాక భయం వేసింది. వెనక్కి పోతే మళ్లీ రెండు రోజులు. ఏమని చెప్పుకుంటాను? అన్నీ ఒకే జిల్లా నీళ్లే కదా అనుకున్నాను. హోటలు బావి చేదుకుని సీసా కడిగాను, మూడుసార్లు, జవాబులో రాసినట్టే. నింపాను. హోటలు పొయ్యి మీద లక్క కరిగించి మూతి చుట్టూ నున్నగా పోశాను. చీటీ మీద ఆ ఊరి పేరు, 'వాడ బావి' అని ఉర్దూలో అందంగా రాసి అంటించాను. అసలు నీళ్లకు దక్కని లక్క ఆ నీళ్లకు దక్కింది. తర్వాత హోటల్లో చాయ్ తాగాను. గిలాస లోపలిదే ఇచ్చారు.

పట్నం

నీళ్లు పరీక్షించే దఫ్తరులో పెద్దమనిషి ఒకాయన, తెల్లగడ్డం, మర్యాదస్తుడు. సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇంత శ్రద్ధగా లక్క వేసి తెచ్చేవాళ్లు అరుదన్నాడు. పగ్గాల సంగతి చెబితే కలం కింద పెట్టి విన్నాడు. ఈ రోగం ఏమిటో తమకింకా తెలియదని, తెలుసుకోవాలని ఉందని, కానీ నీళ్లలో కనబడకపోతే పైవాళ్లను ఒప్పించలేనని అన్నాడు. ఆ తర్వాత ఉర్దూలో ఒక్క మాట అడిగాడు. "మీ కళ్ల ముందే ఆ బావిలో నింపిన నీళ్లేనా?"

"జీ హాఁ," అన్నాను.

రెండు ముక్కల అబద్ధం. చెప్పడానికి ఊపిరి కూడా ఖర్చు కాలేదు.

మళ్లీ వరండా

జవాబు నాకన్నా ముందు తాలూకా కచేరీకి పోయింది, అక్కడి నుంచి దొర గడికి. నాకు చేరిన నకలు మడత విప్పుతుండగానే మెట్ల కింద ఈరమ్మ కనబడింది. ఆ నడుంతో ఇంత దూరం ఎలా వచ్చిందో అడగలేదు.

"ఏమని రాసిన్రు పంతులు? గుమాస్తా సదివినట్టు గాదు, ఉన్నదున్నట్టు సదువున్రి."

చదివాను. పంపిన నీళ్లలో హానికరమైనదేదీ లేదు, నీళ్లు మెత్తనివి, తాగడానికీ వంటకూ బాగా పనికొస్తాయి, డాక్టరును పంపే అవసరం కనబడలేదు.

"వంటకు?"

"వంటకు."

ఆమె పాదాలతో సహా నా వైపు పూర్తిగా తిరిగింది.

"సర్కారు అబద్ధం రాసిందంటె నమ్ముత. నా పప్పు అబద్ధమాడుతదంటె నమ్మ. గవి మా నీళ్లు గావు. సీసా ఏం జేసిన్రు?"

"ఇచ్చింది ఇచ్చినట్టు అప్పజెప్పిన," అన్నాను. సీసా గురించి అది రెండో అబద్ధం. మొదటిది పెద్ద ఉద్యోగికి చెప్పాను, అందుకు భయముందనుకోవచ్చు. దీనికి ఏ సాకూ లేదు.

ఆమె అరవలేదు. జరిగింది చెప్పింది. కాగితం రాగానే గుమాస్తా సాయన్నను గడికి పిలిపించాడట. 'నీళ్లు మంచివే, నీ నడుం మంచిదే, సర్కారే రాసింది' అని జొన్నల బస్తా ఎత్తించాడట. గడప దగ్గర పడ్డాడు. అప్పటి నుంచి పగ్గం పట్టుకున్నా లేవలేకపోతున్నాడు.

"నడుం నొప్పని వెట్టికి రానోళ్లనందరినీ గా కాయిదం జూపిచ్చి పిలుస్తున్నరు," అని చెప్పి మెట్ల దగ్గర నుంచి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలన్నా ఆమె మెడ తిరగదు. ఆ మాట తోచినప్పుడు నాకు నా మీద అసహ్యం పుట్టింది.

ఆ రోజు ఎవరికీ దరఖాస్తు రాయలేకపోయాను.

తర్వాత చేసింది

మర్నాడు అదే బొగ్గు బస్సెక్కాను. దారిలో రెండు కాగితాలు రాసుకున్నాను, ఒకటి ఉర్దూలో దఫ్తరుకు, ఒకటి తెలుగులో ఊరికి. ఊరు చేరి చావడిలో అందర్నీ పిలిపించమని పట్వారీని అడిగితే ససేమిరా అన్నాడు. ఏం చదువుతానో చెప్పాక ఆ రాత్రి భోజనానికి కూడా పిలవలేదు. నేనే పోయి చావడి ముందు నిలబడ్డాను. గుమాస్తా కూడా వచ్చాడు, వేడుక చూడడానికి. వాడవాళ్లు దూరంగా గోడ పక్కన నిలబడ్డారు.

చదివాను. సర్కారు పరీక్షించింది ఈ ఊరి నీళ్లు కావని, చౌటుప్పల్ నీళ్లని, మార్చింది నేనని. ఎందుకు మార్చానో కూడా చదివాను. వాడవాళ్ల నీళ్లు నా సద్దికి తగిలినందుకు అసహ్యపడి ఒంపేశానని. గుమాస్తా, "ఎవరు కొన్నరు నిన్ను? సంఘపోళ్లా?" అన్నాడు. సంతకం చేసి కాగితాన్ని సాయన్న గుడిసెకు తీసుకుపోయి ఇచ్చాను. పడుకున్నచోటే దాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

"గీ కాయిదంల ఏమున్నదో గీసారి ఎరుకైంది," అన్నాడు.

బావి దగ్గర ఈరమ్మను నీళ్లడిగాను. "ఆ రోజు తాగలేదు. ఇప్పుడు తాగుత, పొయ్యమ్మా," అన్నాను, దోసిలి పట్టి. ఆమె మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

"మంచిగున్నది పంతులు. గీ నీళ్లు తాగొద్దని మేం కొట్లాడుతుంటె మీరు తాగుతనంటున్నరు. తాగి మీరు వంగితె మాకేం లాభం? రాసెటోడు ఒక్కడన్న నిటారుగుండాలె."

దోసిలి దించుకున్నాను. ఈసారి నేను తెచ్చిన కొత్త సీసా నాకు తిరిగి ఇవ్వలేదు. తనే కడిగింది, తనే నింపింది. తన పొయ్యి మీదే లక్క కరిగించి మూతి మీద పోసింది. అది ఆరకముందే, సలసలమంటున్న లక్కలో తన బొటనవేలు అదిమింది. చర్మం కాలినా తియ్యలేదు. కాగితం మీద వెయ్యనన్న ముద్ర అక్కడ వేసింది.

"గీ గీతలు ఇంకెవలకు రావు. పగిలితె నాకెరుకైతది," అంది.

పట్నం దాకా సీసా ఆమె ఒడిలోనే ఉంది. చౌటుప్పల్ హోటల్లో నేను బయట గోడ మీది గిలాస తీసుకుంటే గల్లా దగ్గరాయన నన్ను ఎగాదిగా చూశాడు. దఫ్తరులో తెల్లగడ్డం పెద్దమనిషి నా ఉర్దూ కాగితం రెండుసార్లు చదివి, ముఖం ఎర్రబడి, చాలాసేపు తిట్టాడు. తిట్టవలసిందే. తర్వాత సీసా కోసం అలవాటుగా నా వైపు చెయ్యి చాపాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని, "అటు, సాబ్," అన్నాను. కుర్చీలోంచి సగం లేచి ఆమె చేతిలోంచి అందుకున్నాడు. లక్క మీది గీతల వంక చూసి, ఈ ముద్ర పగలగొట్టేటప్పుడు ఆమెను కూడా పిలుస్తానన్నాడు. పిలిచాడు.

నీళ్లలో ఏముందో పూర్తిగా తేలడానికి ఇంకా పరీక్షలు కావాలట. కానీ వంటకు పనికిరావని మాత్రం ఈసారి రాశారు. డాక్టరు వచ్చాడు. ఆయన వచ్చే రోజుకు ముందే నేను ఊళ్లో ఉన్నాను. కచేరీ వరండాలో నా జాగా అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు, తిరిగి పోవాలన్న తొందరేమీ లేదు.

సాయన్న గుడిసె నిండా జనం. గుమాస్తా గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు వీపంతా తడిమాడు, మెడ తిప్పబోయాడు. నటించేవాడి ఎముక ఇలా ఉండదని గుమాస్తా వైపు చూసి ఉర్దూలో అన్నాడు. పెట్టె మీద కాగితం పెట్టి ఆ మాటే రాసి, సంతకం చేసి, ఈరమ్మ చేతికిచ్చాడు. గుమాస్తా దాన్ని అడిగి తీసుకుని చదివాడు. చదివి తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

ఇక లేవమని డాక్టరు సాయన్నకు సైగ చేశాడు. సాయన్న పగ్గం అందుకోబోయాడు గానీ భుజం లేవలేదు. అందరికన్నా దగ్గరగా ఉన్నవాణ్ని నేనే. గుమ్మం దాటి ఎప్పుడు లోపలికి వచ్చానో నాకు గుర్తులేదు. వంగి అతని చంకల కింద రెండు చేతులూ వేశాను.

సాయన్న కళ్లు పైకెత్తి నన్ను చూశాడు. అదే చూపు.

"మెల్లగ పంతులు," అన్నాడు. "నన్ను గూడ ఒంపేసేరు."

మెల్లగానే పట్టాను.